బాక్సైటు పాఠము: ఒక విమర్శ

దేవరాపల్లికి ఎగువన, అనంతగిరి వైపు సాగు తూర్పు కనుమలలో, గాలికొండ మొదలగు శిఖరములపై ఖోండలైటు శిలలు యుగయుగముల వానలకు క్షయించి బాక్సైటుగా మారినవి. ఈ ప్రాంతపు విద్యార్థికి బాక్సైటు దూరదేశపు వస్తువు కాదు. అయినను మన పాఠములలో తరచుగా కానవచ్చు సూత్రము, అనగా ఒక పాలు అల్యూమినాకు రెండు పాళ్లు నీరు అనునది, ఆ కొండమీది ముఖ్య ఖనిజమునకు సరిపడదు.

బాక్సైటు ఒక ఖనిజము కాదు. పలు ఖనిజములు కలిసిన శిల. మన కనుమలలో అందు ప్రధానమైనది గిబ్సైటు. దీనిలో అణుసంఖ్యను బట్టి ఒక పాలు అల్యూమినాకు నీరు మూడు పాళ్లు. బోహెమైటు, డయాస్పోరులలో ఒకటికి ఒకటియే. రెండు పాళ్లనునది నడిమి లెక్క మాత్రమే. గిబ్సైటుతోపాటు ఇనుప ఖనిజములు, కెయోలినైటను బంకమట్టి ఖనిజము, క్వార్ట్జు కూడ ఉండును.

ఇది మాటల పట్టింపు కాదు. రెండు లారీల ముడిఖనిజము వచ్చినదనుకొందము. రెండింటను నూటికి 45 పాళ్లు అల్యూమినా, 5 పాళ్లు సిలికా. మొదటిదానిలో సిలికా అంతయు క్వార్ట్జు. రెండవదానిలో అంతయు కెయోలినైటులోనిది. కెయోలినైటులో సుమారు 46.5 శాతము సిలికా, 39.5 శాతము అల్యూమినా కలవు. కావున రెండవ లారీలో నూటికి 10.75 పాళ్లు కెయోలినైటే; అందు 4.25 పాళ్ల అల్యూమినా చిక్కుకొనియున్నది. బేయరు పద్ధతిలో సుమారు 150 డిగ్రీల వేడిమిలో కాస్టిక్ సోడాయందు గిబ్సైటు కరగును; క్వార్ట్జు దాదాపు అట్లే నిలుచును. కెయోలినైటు కరగి, సోడాను అల్యూమినాను వెంటబెట్టుకొని, మరల ఘనరూపమున ఎర్రబురదలో చేరును. రెండు విధముల నష్టము!

కన్వేయరు బెల్టుపై పోవు ముడిఖనిజమును ఎప్పటికప్పుడు కొలుచు యంత్రములు నేడు కలవు. కాలిఫోర్నియం-252 నుండి వెడలు న్యూట్రానులను గ్రహించిన కేంద్రకములు, ఏ మూలకమునకు ఆ మూలకపు గామా కిరణములను వెలువరించును. బెల్టుపైని పొర మందమంతయు ఈ కొలతలోనికి వచ్చును. కాని తేలునది మూలకముల లెక్కయే. అల్యూమినా, సిలికాల అంకెలను బట్టి చూచిన పై రెండు లారీలకు భేదము లేదు. సమీప పరారుణ కాంతి ఈ లోటును కొంత తీర్చును. గిబ్సైటు, కెయోలినైటులలోని హైడ్రాక్సిలు బంధములు వేర్వేరు తరంగదైర్ఘ్యముల వద్ద ఆ కాంతిని శోషించును. అయితే అది చూచునది పైపొరను మాత్రమే; క్రిందిది వేరైన మోసపోవుదుము.

కావున “ఖనిజముల పాళ్లను క్షణములో చెప్పు యంత్రము” అనిన వెంటనే విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవలెను: కొలిచినది మూలకమా, ఖనిజమా? ఎంత లోతు వరకు? ప్రయోగశాలలోని ఏ నమూనాలతో సరిచూచిరి?

ఉపాధ్యాయులు ఆ సూత్రమును ప్రక్కకు పెట్టి, పై లెక్కను నల్లబల్లపై చేయింతురుగాక. ఈ కొండలను త్రవ్వవలెనా వద్దా యను వాదము ఇచ్చట ఏండ్ల తరబడి సాగినది. అట్టి వాదములో నూటికి ఇంత అల్యూమినా అను ఒంటి అంకె వినిపించినపుడు, అది ఏ ఖనిజములోనిదని అడుగగల బాలుడు ఆ అంకెకు లొంగిపోడు.