వాదము – జల్పము: తెలుగు వికీపీడియాలో పాఠవివాదముల పరిష్కారము

విజ్ఞాన సర్వస్వము పెక్కండ్ర కూర్పుగా వెలువడుట మనకు క్రొత్త కాదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రకటించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునందును, ఖండవల్లి లక్ష్మీరంజనముగారు ప్రధాన సంపాదకులుగా హైదరాబాదునుండి వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశమునందును పలువురి కృషి కలదు. అయినను భేదాభిప్రాయము కలిగినపుడు తీర్పు సంపాదకునిదే. కొట్టివేతలును దిద్దుబాట్లును ఆయన గదిలోనే ముగిసెడివి. పాఠకునకు దక్కినది అచ్చైన పాఠము మాత్రమే.

2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికతో మొదలైన తెలుగు వికీపీడియా ఈ పద్ధతిని మార్చినది. ఇందు ప్రధాన సంపాదకుడు లేడు. ఎవరైనను వ్రాయవచ్చును; ఒకరు వ్రాసినదానిని మఱియొకరు దిద్దవచ్చును. ప్రతి మార్పును తేదీతో, వేళతో, చేసినవారి గుర్తుతో ‘చరిత్ర’యను పుటలో నిలిచియుండును. ప్రతి వ్యాసమునకు జతగా చర్చాపుట కలదు. అందఱకు సంబంధించిన విషయములకై ‘రచ్చబండ’ కలదు. నిర్వాహకులున్నారు, కాని పుటను తొలగించుటకును, సంరక్షించుటకును, మర్యాద తప్పినవారిని నిరోధించుటకును వారికి అధికారము కలదే కాని, రెండు పాఠములలో ఏది సత్యమో తీర్పు చెప్పు అధికారము లేదు. మఱి వివాదము తెగుట యెట్లు? అట్లు తెగిన పాఠము ఎంతవఱకు నమ్మదగినది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుట యీ వ్యాసమున ఉద్దేశము.

న్యాయసూత్రకారుడైన గౌతముడు కథను వాదము, జల్పము, వితండ యని మూడు విధములుగా విభజించెను. తత్త్వమును తెలిసికొనగోరి చేయునది వాదము. గెలుపు కోరి చేయునది జల్పము. తన పక్షమును స్థాపింపక ఎదుటివాని పక్షమును ఖండించుటయే పనిగా గలది వితండ. వికీపీడియా నియమములను ఈ దృష్టితో చూచినచో వాని ప్రయోజనము స్పష్టమగును. ఒకడు వ్రాయుట, వేఱొకడు దానిని త్రిప్పివేయుట, మొదటివాడు మరల నిలుపుట – ఇది దిద్దుబాటు యుద్ధము, అనగా జల్పము. ఆంగ్ల వికీపీడియాలో ఒక పుటయందు 24 గంటలలో మూడు మాఱులకు మించి ఇతరుల మార్పులను త్రిప్పివేయరాదను నియమము కలదు. ఆ నియమము ఎవరి పాఠమును సమర్థింపదు. చేతి పనిని ఆపి, నోటి పనికి, అనగా చర్చాపుటకు, మరలించుట మాత్రమే దాని ఫలము.

చర్చాపుటలో ప్రమాణములు మూడు. చెప్పిన విషయమునకు ప్రకటితమైన మూలము ఉండవలెను. వ్రాయువాని స్వంత పరిశోధన పనికిరాదు. భిన్నాభిప్రాయములున్నచో ప్రతిదానికిని దాని ప్రాధాన్యమునకు తగినంత చోటు ఈయవలెను. దీనికే తటస్థ దృక్కోణమని పేరు. మన శాస్త్రకారులకు పూర్వపక్షమును నిజాయితీగా చెప్పుట అలవాటే. కాని ఒక భేదము కలదు. శాస్త్రమున పూర్వపక్షము ఖండనకొఱకు చెప్పబడును. తుదకు సిద్ధాంతము నిలుచును. విజ్ఞాన సర్వస్వమున పలు పక్షములు నిలిచియే యుండును. సిద్ధాంతము చెప్పుట రచయిత పని కాదు.

సులభమైన ఉదాహరణముతో మొదలిడుదము. హైదరాబాదు పాతబస్తీలో శాలిబండకును లాల్‌దర్వాజాకును చేరువనున్న గౌలిపుర పేరునే తీసికొందము. గౌలిపుర, గౌలిపురా, గౌలీపుర అని పలు విధముల వ్రాయుట కలదు. వీనిలో ఒక రూపమును శీర్షికగా నిలిపి, తక్కినవానిని దారిమార్పు పుటలుగా ఉంచినచో ఏ పేరుతో వెదకిన పాఠకుడైనను ఒకే వ్యాసమునకు చేరును. ఇట్టి తగవులు చిన్నవని కొట్టివేయరాదు. ఆంగ్ల వికీపీడియాలో పెరుగును తెలుపు ఒక పదముయొక్క వర్ణక్రమమును గూర్చిన తగవు ఏండ్ల తరబడి సాగి 2011లో గాని ముగియలేదు. గ్డాన్‌స్క్, డాన్‌జిగ్ అను పేర్ల వివాదమున 2005లో మతగణనము జరిపి, 1308 మొదలు 1945 వఱకు గల కాలమునకు డాన్‌జిగ్ అనియు, తక్కిన కాలములకు గ్డాన్‌స్క్ అనియు నిర్ణయించిరి. కాలమును విభజించుటచే తగవు తీరినది. 2016లో 31గాను, 2019లో 33గాను పెరిగిన తెలంగాణ జిల్లాల విషయమున మనకును ఈ మార్గమే శరణ్యము: ఏ యేట ఏ జిల్లాయో చెప్పినచో రెండు మాటలును నిజమగును.

ఐతే కాలవిభజనముచే తీరని వివాదములు కలవు. 1948 సెప్టెంబరు 17 అట్టిది. ఆ దినమున జరిగినది కొందఱకు విమోచనము, కొందఱకు విలీనము, ప్రభుత్వపు వాడుకలో పోలీసు చర్య, కొందఱకు ఆక్రమణము, ఉర్దూ వాడుకలో సుఖూత్-ఎ-హైదరాబాద్, అనగా హైదరాబాదు పతనము. 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినమును, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినోత్సవమును ఒకేనాడు జరిపినవి; 2024లో రాష్ట్ర ప్రభుత్వము ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టినది. తెలుగును ఉర్దూయు ఒకే వీథిలో వినవచ్చు గౌలిపురవంటి పేటలలో ఈ పేర్ల భేదము గ్రంథస్థమైన భేదము మాత్రమే కాదు. ఇరుగుపొరుగు ఇండ్ల జ్ఞాపకములలోని భేదము.

ఇచట పైని చెప్పిన పద్ధతి మూడు మెట్లుగా పనిచేయును. మొదటిది క్రియను నామమునుండి వేఱుచేయుట. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించినది. 17న నిజాము యుద్ధవిరమణమును ప్రకటించెను. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్, జె. ఎన్. చౌధురీకి లొంగిపోయెను. ఇందు తగవు లేదు. రెండవది ప్రతి నామమును అది వాడువారికి ఆపాదించుట. మూడవది అంచనాను అంచనాగానే చెప్పుట. సైనిక చర్య కాలమునను తరువాతను 27 వేలకు తక్కువ గాకుండ 40 వేలవఱకు జనులు మరణించిరని పండిత సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసినది. ‘ఇందఱు మరణించిరి’ అని వ్రాసినచో తగవు మొదలగును. ‘కమిటీ ఇట్లు అంచనా వేసినది’ అని వ్రాసినచో ఎవరును కాదనలేరు. అట్లే 1948 ఆగష్టు 27న బైరాన్‌పల్లిలో రజాకారులు జరిపిన హత్యాకాండను విడిచి ఆ సంవత్సరపు కథను చెప్పుటయు చెల్లదు. ఒక ఘోరమును చెప్పుట రెండవదానిని మాపుటకు కారాదు.

ఇంతవఱకు పద్ధతి మెచ్చదగినదే. లోపము వేఱొకచోట నున్నది. ప్రాధాన్యమునకు తగిన చోటని యన్నపుడు ప్రాధాన్యమును కొలుచువారెవరు? చర్చకు వచ్చినవారు, వారు చదివిన మూలములు. తెలుగు మూలములు మాత్రమే చదివినవారు నలుగురు కూడి ఏకాభిప్రాయమునకు వచ్చిరనుకొందము. ఉర్దూ మూలములు మాత్రమే చదివినవారు నలుగురు వేఱొక వికీపీడియాలో ఏకాభిప్రాయమునకు వచ్చిరనుకొందము. రెండుచోట్లను నియమభంగము జరుగలేదు. రెండుచోట్లను శాంతి నెలకొన్నది. అయినను ఒకే వీథిలోని ఇద్దఱకు రెండు చరిత్రములు లభించును. కాబట్టి ఏకాభిప్రాయము వేఱు, తటస్థత వేఱు. వివాదము లేకుండుట పాఠశుద్ధికి గుర్తు కాదు; ఎదుటి పక్షమువారు రాలేదనుటకు గుర్తు కావచ్చును.

ఇది ఊహామాత్రము కాదు. క్రొయేషియను వికీపీడియాలో ఒకే తలపుగల కొందఱు నిర్వాహకులు సుమారు పదేండ్లు పెత్తనము వహించి, జాతీయవాద దృష్టితో చరిత్రమును వక్రించిరని వికీమీడియా ఫౌండేషను 2021లో ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. వ్రాయువారు కొద్దిమందియైన భాషలలో ఈ యపాయము హెచ్చు. తెలుగు వికీపీడియాకును తగవులు ఎక్కువగుటకంటె తగవాడు సమర్థులు తక్కువగుటయే పెద్ద చిక్కు.

మఱియొక లోపము మూలనియమమునందే కలదు. గౌలి యనగా పాలవృత్తివాడు. ఆ వృత్తివారు నివసించుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. అచటి వృద్ధుడు తన తాతలు పశువులను కట్టిన చోటును చూపగలిగినను, ప్రకటితమైన మూలము లేనిచో ఆ మాటకు వ్యాసమున చోటు లేదు. నియమము తప్పని చెప్పలేము. అది లేనిచో ప్రతి కట్టుకథయు చరిత్రమగును. కాని అచ్చెక్కని జనుల జ్ఞాపకము దీనిచే వెలిగానే యుండును. ఈ కొఱతను వికీపీడియా తీర్పజాలదు, విశ్వవిద్యాలయములు తీర్పవలెను.

పాఠపరిష్కరణము మన శాఖలకు పరిచితమైన విద్య. వేమన పద్యములను 1829లో ప్రకటించుటకు ముందు బ్రౌను దొర పెక్కు వ్రాతప్రతులను సరిచూపించెను. పాఠాంతరములను దాచక చూపుటయే పరిష్కర్త ధర్మమని మనము విద్యార్థులకు బోధించుచున్నాము. వికీపీడియాలోని చరిత్రపుటలును చర్చాపుటలును అట్టి పాఠాంతర సంపుటములే. పరిశోధక విద్యార్థులు వానిని పరిశీలించి, ఏ వివాదము ప్రమాణముచే తెగినదో, ఏది అలసటచే తెగినదో నిర్ణయింపవచ్చును. ఉర్దూ నేర్చిన విద్యార్థి పాతబస్తీ విషయములపై రెండు భాషల మూలములను చేర్చి చదివినచో, ఇంతవఱకు రాని పక్షము చర్చకు వచ్చును. వృద్ధుల నోట విన్న పేటల చరిత్రములను సేకరించి, పరీక్షించి, పత్రికలలో ప్రకటించినచో అవియు ప్రమాణములగును. అట్లుగాక వికీపీడియా నమ్మరానిదని తరగతిలో చెప్పి ఊరకుండుట మనకు తగదు. మన విద్యార్థులు మొదట చదువునది దానినే.