పచ్చిక నేలకు బంజరు పేరా?

భారతదేశపు బంజరు భూముల అట్లాసు మొదటి కూర్పు 2000 సంవత్సరంలో వెలువడినది. కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ తరఫున దీనికి పటములు సిద్ధపరచినది జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ. 1974లో ఏర్పడి, తొలినాళ్ళలో సికింద్రాబాదునుండి పనిచేసి, తరువాత బాలానగరులో స్థిరపడిన ఈ సంస్థ 2008లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో ఒక కేంద్రమైనది. అట్లాసు ఐదవ కూర్పు 2019లో వచ్చినది. పల్లె నేలపై గడ్డికి, పశువుకు, అడవి జంతువుకు ఎంత చోటు దక్కవలెనో నిర్ణయించువారు తెరచి చూచు గ్రంథములలో ఇది ముఖ్యమైనది. కనుక దీని గుణదోషములను విచారించుట అవసరం.

ముందు గుణము చెప్పవలెను. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడునాటికి దేశంలో బంజరు ఎంత ఉన్నదో ఎవరి లెక్క వారిదే. రెవిన్యూ శాఖ అంకెకు, అటవీ శాఖ అంకెకు పొంతన ఉండెడిది కాదు. ఉపగ్రహ చిత్రముల సాయంతో, అరకిలోమీటరు నేల ఒక సెంటీమీటరుగా కనబడు పటములపై, దేశమంతటికి ఒకే కొలబద్ద పెట్టుట సామాన్యమైన పని కాదు. 2000 నాటి కూర్పు దేశంలో సుమారు 6.4 కోట్ల హెక్టార్లను, అనగా నూటికి 20 వంతులను, బంజరుగా చూపినది. 2019 నాటి కూర్పులో అది సుమారు 5.6 కోట్ల హెక్టార్లు, నూటికి 17 వంతులు. అయితే తరగతుల సంఖ్య 13 నుండి 23కు మారినది. కనుక ఈ రెండు అంకెల తేడా అంతయు బాగుపడిన నేలయే అని తలచరాదు.

దోషము కొలతలో లేదు, పేరులో ఉన్నది. మొదటి కూర్పులోని 13 తరగతులలో హిమాలయాల మంచు కప్పిన నేల కూడ ఒకటి. గంగా యమునలకు నీరిచ్చు మంచు బంజరైనప్పుడు, పొదలున్న మెట్ట నేలలు, మేతకు విడిచిన బీళ్ళు అదే పట్టికలో చేరుటలో వింత లేదు. పంట పండనిది, చెట్లు దట్టముగా లేనిది వ్యర్థమే అను భావన ఈ వర్గీకరణకు పునాది. తెలంగాణ పల్లెలలో 'కంచ' అన్నమాట పశువులు మేయు నేలకు చెల్లును. ఆ మాట పలుకు గొల్లకు, కురుమకు అది వ్యర్థం కాదు, జీవనాధారం.

ఉపగ్రహం ఏమి చూడగలదో కూడ తెలిసికొనవలెను. ఆకులోని పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకొనును. ఆకు కణజాలం కంటికి కనబడని పరారుణ కాంతిని వెనుకకు పంపును. ఈ తేడాను బట్టి యంత్రం పచ్చదనమును గుర్తించును. దక్కను పీఠభూమిలోని గడ్డి వేసవిలో ఎండి గడ్డిపరక రంగులోనికి వచ్చును. అప్పుడు దానికి, ఉత్త మట్టికి భేదం స్వల్పం. కాని గడ్డి ప్రాణం మట్టి మట్టముననే ఉన్నది. దాని పెరుగుదల మొన నేలకు ఆనియుండుటచేతనే పశువు పైభాగమును కొరికినను మరల చిగుర్చును. మేత మితముగా ఉన్నచో పిలకలు కూడ హెచ్చును. మితము మీరినచో వేరులోని నిల్వ తరిగి, సెహీమా, డైకాంథియం వంటి మేలుజాతి గడ్డి పోయి, పశువు ముట్టని అరిస్టిడా మొలచును. తరువాతి కూర్పులలో వేర్వేరు ఋతువుల చిత్రములను వాడుట మంచి మార్పే. అయినను ఆ నేలపై ఎన్ని గొర్రెలు, ఎన్ని నెలలు మేయుచున్నవో ఏ ఋతువు చిత్రమును చెప్పజాలదు.

ఇది మాటల తగాదా మాత్రమే అనుకొనువారు రోళ్ళపాడు చరిత్రను పరిశీలింపవలెను. కర్నూలు జిల్లాలో నందికొట్కూరు సమీపాన ఉండి, 2022 నుండి నంద్యాల జిల్లాకు చెందిన ఈ పచ్చిక మైదానంలో బట్టమేక పిట్ట నివసించెడిది. మీటరు ఎత్తు ఎదుగు ఈ పక్షి నేలపై సాధారణంగా ఒక్క గ్రుడ్డే పెట్టును. 1988లో సుమారు 614 హెక్టార్లను అభయారణ్యముగా ప్రకటించిరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞులు అక్కడ ఏండ్ల తరబడి పరిశోధించిరి. కొంత భాగమునకు కంచె వేసి మేత ఆపగా గడ్డి కోలుకొన్నది. కొద్దిగా ఉన్న కృష్ణజింకలు వందలకు పెరిగి చుట్టుపట్ల చేలపై పడినవి. మేత నేల పోయినదని కాపరికి, పైరు పోయినదని రైతుకు కష్టం కలిగినది. ఇంతలో కాలువల నీరు వచ్చి, చుట్టునున్న మెట్ట చేలు, బీళ్ళు మాగాణిగా మారసాగినవి. ఎన్నో మైళ్ళు తిరిగి బ్రదుకు పక్షికి 614 హెక్టార్లు చాలునా? నేడు రోళ్ళపాడులో అది కనబడుటయే అరుదు.

ఇక్కడి పాఠం స్పష్టము. గడ్డి, మంద, మృగము ఒకే లెక్కలోని మూడు పద్దులు. ఒకదానిని విడదీసి కంచెలో పెట్టినచో మిగిలిన రెండింటి భారం పొరుగువాని చేనుపై పడును. అభయారణ్యం లోపలి గడ్డి కాపాడబడినది కాని, దాని చుట్టునున్న బీటికి పటంలోను, కాగితంలోను విలువ లేకపోయినది. బంజరు అని ముద్రపడిన నేలను ఎవరైనను బాగుచేయబూనుదురు. ఒకరు నీరు పారింతురు, ఒకరు నీలగిరి మొక్కలు నాటుదురు, ఒకరు సౌరఫలకములు పరతురు. వీటిలో ఏదియు తనంత చెడ్డది కాదు. కాని నీడలో ఆ గడ్డి పెరగదు, పొదరిళ్ళ మధ్య బట్టమేక నిలువదు, ఫలకముల క్రింద మందను మేపనిచ్చువారు అరుదు.

అట్లాసును త్రోసిపుచ్చవలసిన పని లేదు, దిద్దుకొనవలెను. సహజమైన పచ్చిక నేలను బంజరు పట్టికనుండి తీసి ప్రత్యేక తరగతిగా చూపవలెను. చెడిన మేత నేలకు, ఆరోగ్యముగా ఉన్నదానికి భేదం నిర్ణయించుటకు ఉపగ్రహముతోపాటు గడ్డి జాతులెరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు, మంద నడపు కాపరి నేలపై నడచి చూడవలెను. ఎన్ని పశువులకు ఎంత నేల, ఏ నెలలో మేత, ఏ నెలలో విశ్రాంతి అను వివరములు ప్రతి మండలానికి చేరవలెను. అప్పుడే ఆ పటములు గ్రామస్థునికి కూడ అక్కరకు వచ్చును.