గిడ్డంగి, గోదాం, గోడౌన్: ఒక ఎరువు మాటను చదివే తీరు

ఈ భాగంలో ఒకే ఒక్క ఆదాన పదాన్ని తీసుకుని, దాని గురించి ఒక ప్రసిద్ధ నిఘంటువు చెప్పినదాన్ని విమర్శదృష్టితో పరిశీలిద్దాం.

హైదరాబాదు నాంపల్లిలో, గాంధీభవన్ వెనుక, ప్రభుత్వ గిడ్డంగుల సంస్థ కార్యాలయం ఉంది. అక్కడి నుంచి అబిడ్స్ వైపు నడిస్తే దుకాణదారు "సరుకు గోడౌన్‌లో ఉంది" అంటాడు. మూటలు మోసే హమాలీ "గోదాంకు పోతున్న" అంటాడు. మూడింటి అర్థం ఒకటే. పుట్టుకలో మూడూ ఒకటే మాట కూడా. గోడౌన్ అనేది ఇంగ్లండులో అరుదు, అక్కడివారు వేర్‌హౌస్ అంటారు. మన దేశంలోను, సింగపూర్, హాంకాంగ్ వంటి ఆసియా రేవుల్లోను మాట్లాడే ఆంగ్లంలో మాత్రం అది స్థిరపడింది.

జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో ఈ మాట గురించి రెండు రకాల తప్పులు తరచు చూశాను. మొదటిది: కిందికి దిగి వెళ్ళే గది కాబట్టి గోడౌన్ అయిందనడం. ఇది లోకనిరుక్తి, అంటే వినికిడిలోని పోలికను బట్టి జనం కల్పించుకున్న వ్యుత్పత్తి. మెట్లెక్కి వెళ్ళే గోడౌన్లు అబిడ్స్‌లో ఎన్ని లేవు! అయితే ఆంగ్లంలో వర్ణక్రమం ఇలా కుదురుకోవడానికి ఆ పోలికే కారణం కావచ్చు.

రెండో తప్పుకు ముందు నిఘంటువు సంగతి చూద్దాం. యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ 1886లో వెలువడింది. క్రుక్ సంస్కరించిన ముద్రణ 1903లో వచ్చింది. అట్ట ఊడిన ప్రతి ఒకటి నాకు అబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీద దొరికింది, బేరం ఆడే ధైర్యం చేయలేదు. దాని ప్రకారం ఈ మాట మలయ్ భాషలోని 'గదోంగ్' ద్వారా తూర్పు రేవుల నుంచి మన దేశానికి వచ్చింది. కానీ దాని మూలం దక్షిణ భారతమే: తెలుగులో గిడ్డంగి, తమిళంలో కిడంగు. కోరమాండల్ తీరానికీ మలయా ద్వీపాలకూ మధ్య రాకపోకలు చాలా పాతవి. మలయాలో మన తీరంవాళ్ళకు వచ్చిన 'క్లింగ్' అనే పేరు కళింగ నుంచి పుట్టిందే. ఇంతవరకు వారి వాదం బలంగా ఉంది.

తేలిపోయేది మరోచోట. హిందీ, బెంగాలీల్లోని 'గుదాం' ఆంగ్లేయులు వాడిన మాట నుంచే వచ్చినట్లుందని వారు అంటారు. ఇక్కడ మీ చెవినే సాక్షిగా పిలవండి. ఆంగ్ల 'డ' మన నోట్లో మూర్ధన్యమవుతుంది: డాక్టర్, డజను, బోర్డు. గోడౌన్‌లోనూ డకారమే ఉంది. గోదాంలో ఉన్నది దంత్య దకారం. పోర్చుగీసులో ఈ మాట రూపం 'గుదావ్'. అందులోని ద దంత్యం, చివరి అచ్చు ముక్కుతో పలికేది. పోర్చుగీసు 'లెయిలావ్' ఉర్దూలో నీలాం అయింది కదా. ఆ సంగతి ఇదే నిఘంటువు వేరే పుటలో చెబుతుంది! ఆ తీరునే గుదావ్ గోదాం అయి ఉంటుందని నా అభిప్రాయం. అంటే హమాలీ మాట దుకాణదారు మాటకు పిల్ల కాదు, దాయాది.

ఇక రెండో తప్పు, అభిమానం వల్ల వచ్చేది: "గోడౌన్ అచ్చతెలుగు మాట, ఆంగ్లేయులు మన దగ్గర తీసుకున్నారు." ఇలా రాసినవారికి సగం మార్కులే వేసేవాణ్ణి. తమిళంలో 'కిడ' అంటే పడి ఉండటం. ఆ క్రియ నేటికీ వారి ఇళ్ళలో వినిపిస్తుంది. మనం మాత్రం 'పడి ఉంది' అనే అంటాం. సరుకు పడి ఉండే చోటు కిడంగు అన్న వ్యుత్పత్తి తమిళంలో కళ్ళకు కట్టినట్లుంది, తెలుగులో అంత తేటగా లేదు. మూలం ద్రావిడమనడం నిలుస్తుంది. తెలుగు ఒక్కదానిదే అనడం నిలవదు.

మరి గిడ్డంగి ఏమైంది? కార్యాలయాల బోర్డుల మీదికి, పత్రికల్లోని 'శీతల గిడ్డంగి' వంటి మాటల్లోకి చేరింది. గోడౌన్‌కు అది అనువాదమని చాలామంది అనుకుంటున్నారు. తాతను మనవడికి అనువాదం అన్నట్లుంది!

అభ్యాసం: మీ దగ్గరి మార్కెట్ యార్డులో బోర్డు మీద ఏ మాట ఉందో, హమాలీలు ఏ మాట అంటున్నారో రాసుకోండి. ద, డ ల తేడాను జాగ్రత్తగా వినండి.