కారు ఎత్తు పెరిగింది, కారణం?

ఒకసారి అమ్మేసిన కారు నేలకు ఎంత ఎత్తులో నడవాలో కంపెనీ దూరం నుంచే మార్చగలదా? 2013 నవంబరులో అమెరికాలో టెస్లా కంపెనీ ఆ పనే చేసింది. అంతకు ముందు ఆరు వారాల్లో, రోడ్డుపై పడివున్న లోహపు వస్తువులు అడుగున తగిలి, ఆ దేశంలో రెండు మోడల్ ఎస్ విద్యుత్ కార్లకు నిప్పంటుకుంది. ఎవరికీ గాయాలు కాలేదు. ఈ కారులో బ్యాటరీని అడుగుభాగంలోనే పలకలా పరుస్తారు. కంపెనీ వైర్‌లెస్ ద్వారా సాఫ్ట్‌వేరు పంపి, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కార్లు హైవే మీద మునుపటికన్నా కాస్త ఎత్తుగా నడిచేట్లు చేసింది.

ఎయిర్ సస్పెన్షన్‌లో ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. కారు పైకి లేవాలంటే తిత్తిలో పీడనం బాగా పెరగాలని మీరనుకోవచ్చు. కాని కారు బరువు మారలేదు కదా! దాన్ని మోసే పీడనమూ దాదాపు అంతే. కంప్రెసరు మరికొంత గాలిని పంపుతుంది, తిత్తి సాగుతుంది. మరో నలుగురు ఎక్కినప్పుడు మాత్రం, అదే ఎత్తున నిలవటానికి పీడనం పెరగవలసిందే.

హైవే మీద కారును కిందికి దించటం ఎందుకు? వేగం రెట్టింపయితే గాలి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. కారు దిగితే అది కొంత తగ్గి, ఒక చార్జింగుతో మరికొంత దూరం వెళ్లవచ్చు.

సాఫ్ట్‌వేరు మార్పును తప్పుపట్టలేం. తప్పంతా వివరణలో ఉంది. ఇది అడుగున దెబ్బలు తగ్గించటానికే తప్ప భద్రతను పెంచటానికి కాదని కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ ప్రకటించారు. మంటల వల్ల గాయపడే అవకాశం అప్పటికే అతి స్వల్పమని ఆయన వాదన. కావచ్చు. కాని ఆ మంటలకు మూలం అడుగు దెబ్బే అయినప్పుడు, దెబ్బలను తగ్గించటం భద్రత కాక మరేమిటి? 2014 మార్చిలో దర్యాప్తు ముగించిన అమెరికా రహదారి భద్రతా సంస్థ, పెంచిన ఎత్తూ, కొత్తగా అమర్చుతున్న టైటానియం, అల్యూమినియం కవచమూ దెబ్బలనే కాదు, మంటల ముప్పునూ తగ్గిస్తాయని స్పష్టంగానే రాసింది.

ఎత్తు మార్పులపై అదుపును త్వరలో డ్రైవరుకే ఇస్తామని కూడా మస్క్ అదే ప్రకటనలో చెప్పారు. మంచిదే. అయితే దిగితే ఎన్ని కిలోమీటర్లు కలిసివస్తాయో, ముప్పు ఎంత పెరుగుతుందో చెప్పకుండా ఎంచుకోమంటే డ్రైవరు దేన్ని బట్టి ఎంచుకోవాలి? 2014లోనే వచ్చిన మరో సాఫ్ట్‌వేరు దీనికన్నా మేలు. డ్రైవరు కారును పైకెత్తిన చోటును అది గుర్తుంచుకొని, మళ్లీ అక్కడికి చేరగానే తానే ఎత్తుతుంది. అక్కడి మిట్టను డ్రైవరు కళ్లారా చూశాడు. హైవే మీది ఇనుప ముక్క అలా ముందుగా కనిపించదు.