పెన్‌ఫీల్డ్ సాక్ష్యం ఎంతవరకు?

మనస్సు మెదడులో పుట్టేదేనా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మన రచయితలు కొందరు డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్‌ను సాక్షిగా నిలబెడతారు. 1975లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది మిస్టరీ ఆఫ్ ది మైండ్’ అందుకు ఆధారం. ఆ సాక్ష్యం ఎంత బరువు మోయగలదో పరిశీలించడం అవసరం.

పెన్‌ఫీల్డ్ కెనడాలోని మాంట్రియల్ నగరంలో మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేసిన వైద్యుడు. మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. కనుక తలకు మాత్రం మత్తు ఇచ్చి, రోగి మెలకువగా ఉండగానే మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి చూసేవారు. ఒకచోట తాకితే చేయి కదిలేది. మరొకచోట తాకితే ఎప్పుడో విన్న సంగీతం వినిపించేది. కాని ఆ చేయి కదిపింది తాను కాదని, వైద్యుడేనని రోగి చెప్పేవాడు. విద్యుత్తు ఎవరిచేతా నిర్ణయం చేయించలేదు. కాబట్టి మనస్సు మెదడుకు భిన్నమైనదన్న అభిప్రాయానికి ఆయన మొగ్గు చూపారు. మెదడుతోనే మనస్సును వివరించాలని జీవితకాలం శ్రమించిన వ్యక్తి ఇలా వ్రాయడం ఆయన నిజాయితీకి నిదర్శనం.

అయితే కనబడలేదనడం వేరు, లేదనడం వేరు. 2009లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఏడుగురు రోగులలో మెదడు పెరైటల్ భాగాన్ని ఇలాగే తాకినప్పుడు కదలాలన్న కోరికే కలిగింది. విద్యుత్తు పెంచితే, కండరం కదలకున్నా తాము కదిలామనే రోగులు నమ్మారు. దీనితో పెన్‌ఫీల్డ్ వాదంలోని ముఖ్యమైన ఆధారం సడలిపోయింది. ఆత్మపై విశ్వాసాన్ని ఆ ఆధారం మీదనే నిలిపి బోధించినవారు, రేపు కళాశాలలో ఈ ప్రయోగం గురించి చదివే మన పిల్లలకు ఏమి సమాధానం చెబుతారు?

భౌతికవాదులూ తొందరపడనవసరం లేదు. కోరిక పుట్టించడం ఒకటి, దానిని మంచిచెడ్డలతో తూచి నిర్ణయించుకోవడం మరొకటి. మనస్సులో మెదిలే తలంపును, దానిని అనుసరించి చేసే కర్మను ఇస్లాం ఏనాడో వేరుచేసి చూపింది.

ఇమాం గజాలీ (రహ్) మార్గం ఇక్కడ స్మరణీయం. ఆత్మ ఉనికిని ఆయన దృఢంగా విశ్వసించారు. అయినా ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ 18వ చర్చలో, ఆత్మ శరీరరహితమని తత్వవేత్తలు తెచ్చిన హేతువులు నిలవవని వాదించారు. తనకు అనుకూలమైన తీర్మానమే అయినా బలహీనమైన రుజువును ఆయన స్వీకరించలేదు. రూహ్ ప్రభువు ఆజ్ఞకు చెందినదనీ, మానవులకు ఇవ్వబడిన జ్ఞానం స్వల్పమనీ బనీ ఇస్రాయీల్ సూరా 85వ ఆయత్ తెలుపుతుంది. ఆ హెచ్చరిక శాస్త్రజ్ఞునికెంతో, శాస్త్రజ్ఞుని మాటను తొందరపడి అరువు తెచ్చుకునే మనకూ అంతే.

అల్లాహ్ మనకు సరైన అవగాహన ప్రసాదించుగాక!