తాళం ఎవరి చేతిలో: రెండు అద్దె కాగితాలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో మేడమీది గదికి బోర్డు తగిలించుకున్న ప్లీడరు గారి అద్దె కరారు రెండు పేజీలు. ఆయన కొడుకు హైదరాబాదు మాదాపూర్‌లో నాలుగు సీట్లు తీసుకుని చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడనుకుందాం. అతను సంతకం పెట్టే కాగితం ముప్ఫై పేజీలకు తగ్గదు. ఈ తండ్రీకొడుకులు నా ఊహలోని మనుషులే గానీ కాగితాలు మాత్రం నిజమైనవే. మొదటిది దస్తావేజు లేఖరి కంప్యూటర్లో పేర్లు మార్చుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండోది మెయిల్లో వస్తుంది, చదవకుండా చివరి పేజీకి పోయి సంతకం చేసేవాళ్ళే ఎక్కువ. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, ఆఫీసు అద్దె అనే ఒకే పని రెండు చోట్ల ఎలా రెండు వేరువేరు సంబంధాలైపోయిందో కనిపిస్తుంది.

ముందు ఊరి కాగితం. వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలల గడువు, ఇంత అడ్వాన్సు, నెలనెలా ఫలానా తేదీలోగా అద్దె, కరెంటు బిల్లు అద్దెదారే కట్టుకోవాలి, గోడలకు మేకులు కొట్టరాదు, ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించి ఇవ్వాలి. ఆ తర్వాత తప్పనిసరిగా వచ్చే వాక్యం: ఎవరికీ సబ్‌లీజుకు ఇవ్వరాదు.

పదకొండు నెలల గడువు వెనక ఉన్న లెక్క అందరికీ తెలిసిందే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షను ప్రకారం ఏడాది దాటే లీజుకు రిజిస్ట్రేషన్ కావాలి. పదకొండు నెలలకు రాసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. మన దగ్గర మాత్రం ఆ లెక్క ఎప్పుడో తప్పిపోయింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షనును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరించి, 1999 ఏప్రిల్ 1 నుంచి ఎంత గడువున్న స్థిరాస్తి లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అయినా పదకొండు నెలలు పోలేదు. పాత కాగితాన్ని చూసి కొత్త కాగితం రాసుకునేచోట చట్టం మారిన సంగతి చేరడానికి పాతికేళ్ళు కూడా చాలడం లేదు.

సబ్‌లీజు నిషేధం కథ ఇంకా రంజుగా ఉంటుంది. నిజానికి 1882 చట్టం సబ్‌లీజుకు అడ్డు చెప్పదు. కరారులో వద్దని రాసుకోకపోతే అద్దెదారు తన హక్కును మరొకరికి అద్దెకిచ్చుకోవచ్చని 108వ సెక్షనులోనే ఉంది. దాన్ని తలకిందులు చేసింది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. ఆంధ్ర ప్రాంతంలో 1945 అక్టోబరు 23 తర్వాత యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా, కరారులో ఆ హక్కు లేకుండా సబ్‌లీజు ఇచ్చిన అద్దెదారును ఖాళీ చేయించవచ్చని అందులోని 10వ సెక్షను చెప్పింది. ఎందుకలా? అద్దెను ప్రభుత్వం కట్టడి చేసినప్పుడు, యాభై రూపాయలకు తీసుకున్న గదిని అద్దెదారు నూటయాభైకి ఇంకొకరికి ఇచ్చి మధ్యలో వంద తినేవాడు. అద్దె పెంచుకునే దారి లేని యజమానికి కడుపు మండడం సహజమే, ఆ మంటకు చట్టం ఇచ్చిన మందు ఈ నిబంధన.

మరి ఆ కట్టడే పోయాక? 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతాచోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం పరిధిలోంచి బయటికొచ్చేశాయి. ఇవాళ విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల రెండు వేలకు ఆఫీసు గది ఇమ్మంటే నవ్విపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో నివాస, నివాసేతర కట్టడాలకు కొత్త అద్దె చట్టమే చేశారు. యజమాని తనకు నచ్చిన అద్దె అడగగలిగినప్పుడు సబ్‌లీజును చూసి భయపడాల్సిన ఆర్థిక కారణం చాలావరకు పోయినట్టే. వాక్యం మాత్రం కాగితంలో అలాగే నిలిచింది. ఇప్పుడది లాభం గురించిన నిబంధన కాదని నా అనుమానం, తన మేడ మెట్లు ఎవరు ఎక్కాలో తానే తేల్చుకునే పెద్దరికానికి అది కంచె.

ఆ పెద్దరికం కాగితానికి బయట, మాటల్లోనే నడుస్తుంది. అద్దె ఎంతో చెప్పకముందే "మీరేటోళ్ళు బాబూ?" అన్న ప్రశ్న వస్తుంది. ఆడపిల్లలు రాత్రి దాకా పనిచేసే ఆఫీసంటే ఒక దీర్ఘం తీస్తారు. నీచు తింటారా అని మరో ఆరా. వీటిలో ఒక్కటీ కరారులో ఉండదు, కానీ గది దొరకడం, దొరక్కపోవడం వీటిమీదే ఆధారపడుతుంది. ఊరి అద్దె సంబంధాల్లో ఆత్మీయతను పొగిడేవాళ్ళు చాలామంది ఈ గుమ్మం సులువుగా దాటగలిగినవాళ్ళే.

అదే చేత్తో ఆ కాగితం ఎంత సడలింపు ఇస్తుందో కూడా చెప్పాలి. ప్లీడరు గారి గదిలో పగలు బీమా ఏజెంటు ఓ బల్ల వేసుకుంటాడు. నెలకు నాలుగు రోజులు ఆడిటరు గుమాస్తా వచ్చి కూర్చుంటాడు. సాయంత్రం మేనల్లుడు టైపింగో, ట్యాలీయో నేర్పుతాడు. కరారు ప్రకారం ఇది నేరం. యజమాని చూస్తూనే ఉంటాడు, మెట్లమీద చెప్పులు లెక్కపెట్టి అద్దె పెంచే సమయం కోసం మనసులో రాసుకుంటాడు. "ఏటి మాస్టారూ, జనం బాగానే వస్తున్నారు" అంటే వచ్చే నెల నుంచి అయిదు వందలు పెరిగినట్టు. ప్లీడరు గారు బేరమాడతారు, అది మూడు వందల దగ్గర తెగుతుంది.

ఇక నగరం కాగితం. దాని మొదటి పేజీలోనే ఇది లీజు కాదని, యజమాని-అద్దెదారు సంబంధం ఏదీ ఏర్పడదని, వాడుకోవడానికి ఇస్తున్న అనుమతి మాత్రమేనని రాసి ఉంటుంది. లైసెన్సు అన్నమాట. 1882లోనే వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షను దీనికి ఆధారం: లైసెన్సు ఉన్నవాడికి ఆ ఆస్తిలో ఏ హక్కూ పుట్టదు, అక్కడ ఉండటం తప్పు కాకుండా పోతుందంతే. తరవాతి పేజీల్లో సీటుకు నెలకింత, దానిపై 18 శాతం జీఎస్టీ, ఇన్ని నెలలు లాకిన్, సమావేశాల గదికి నెలకు ఇన్ని గంటలు. అవసరాన్నిబట్టి మీ సీట్లను మరో అంతస్తుకు మార్చే హక్కు నిర్వాహకులకు ఉంటుందని ఒక చిన్న వాక్యం. కులం అడగదు, కూర అడగదు, ఏ వేళ వచ్చినా పోయినా అడగదు. డబ్బు ఆగితే మాత్రం మర్నాడు పొద్దున్న ప్రవేశం కార్డు పనిచేయదు.

తలుపు అనే చోట ఈ రెండు కాగితాల దారులు పూర్తిగా విడిపోతాయి. ఊళ్ళో తాళం అద్దెదారుది. యజమాని దగ్గర మారు తాళంచెవి ఉన్నా, అద్దెదారు లేనప్పుడు తీస్తే ఊరంతా తప్పుపడుతుంది, కోర్టూ తప్పుపడుతుంది. కరారు లేకపోయినా సరే, నెలవారీ అద్దెదారును పంపాలంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల నోటీసు, ఆనక దావా, ఆనక వాయిదాలు. నగరంలో తలుపు తెరిచేది ఎక్కడో ఉన్న సర్వరు.

ఈ తేడాను తూచే త్రాసు ఒకటి మన తెలుగువాడి చేతి మీదుగానే దేశానికి అందింది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో క్షవరశాల నడుపుకోవడానికి కొన్ని గదులిచ్చిన పత్రం లీజా, లైసెన్సా అన్నది వివాదం. పత్రం మీద ఏ పేరు రాశారన్నది కాకుండా లోపల ఏం ఇచ్చారో చూడాలని, ఎవరినీ రానివ్వకుండా తానొక్కడే అనుభవించే స్వాధీనం దొరికినవాడు పైకి చూస్తే అద్దెదారేనని జస్టిస్ కోకా సుబ్బారావు రాశారు. రాజమండ్రి నుంచి వచ్చి దేశ ప్రధాన న్యాయమూర్తి దాకా ఎదిగిన ఆయన పెట్టిన ఆ పరీక్షను న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తారు. సీటు మార్చే హక్కును, కార్డు తలుపును నగరం కాగితం ఎందుకంత శ్రద్ధగా రాసుకుందో ఈ తీర్పు తెలిశాక అర్థమవుతుంది. ఫలానా గది మీదేనని ఎక్కడా తేలకూడదు, తేలితే లైసెన్సు కాస్తా లీజైపోతుంది. ముప్ఫై పేజీల్లో సగం ఈ ఒక్క జాగ్రత్తకే ఖర్చవుతాయి.

ఇంతకీ ఆ సీట్లు ఇస్తున్న కంపెనీ ఎవరిది? కట్టడం వాళ్ళది కాదు. అసలు యజమాని దగ్గర అంతస్తులకు అంతస్తులు దీర్ఘకాలానికి తీసుకుని, ముక్కలుగా కోసి, నెలల లెక్కన మనకిస్తున్నారు. శ్రీకాకుళం కరారులో ఖాళీ చేయించడానికి కారణమైన పనే ఇది. అక్కడ దొంగచాటుగా చేసేదాన్ని ఇక్కడ వాటాలుగా అమ్మి షేర్‌మార్కెట్లో పెడతారు. ఇదే వ్యాపారంతో 2010లో న్యూయార్కులో మొదలైన వీవర్క్ విలువను 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లుగా కట్టారు. ఏళ్ళ తరబడి కట్టాల్సిన అద్దెలు ఒకవైపు, నెలకోసారి లేచి వెళ్ళిపోగల ఖాతాదారులు మరోవైపు. కోవిడ్‌లో ఖాతాదారులు లేచిపోయారు, అద్దెలు ఉండిపోయాయి. 2023 నవంబరులో ఆ అమెరికా కంపెనీ దివాలా రక్షణ కోరింది. బల్ల వేసుకోనిచ్చిన బీమా ఏజెంటు మానేసినా తన అద్దె తాను కట్టుకోగల ప్లీడరు గారు ఈ వ్యాపారాన్ని వాళ్ళకంటే నిదానంగా నడిపారనే అనాలి.

రెండింటి మధ్యా ఊగేది పురపాలక దుకాణం. వేలంలో పాడినవాడి పేరు రికార్డులో ఉంటుంది, షట్టరు ఎత్తేవాడు వేరొకడు. అందరికీ తెలిసిన రహస్యం గనక దానిమీద ఎక్కువ చెప్పనక్కర్లేదు.

చిరునామా విషయంలో మాత్రం రెండు కాగితాలూ కలిసే తడబడతాయి. జీఎస్టీ నంబరు కావాలంటే అద్దె కరారు, కరెంటు బిల్లు, యజమాని సమ్మతి పత్రం చూపాలి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి పాత మేడలో కరెంటు మీటరు పోయిన తాతగారి పేరునే ఉంటుంది, వాటాలు తెగని నలుగురు మనవల్లో ఎవరి సంతకం చెల్లుతుందో ఎవరికీ తెలీదు. నగరంలో ఈ బాధ లేదు, కుర్చీ కూడా లేకుండా చిరునామా ఒక్కటే నెలవారీ రుసుముకు అమ్ముతారు. 2023లో మే 16 నుంచి జూలై 15 వరకు దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ల మీద దేశమంతటా గాలింపు జరిగాక, ఒకే గదిలో ఎన్ని కంపెనీలున్నాయని అధికారులు అడగడం ఎక్కువైంది. ఉద్దానం యువకుల్ని గల్ఫ్ పంపుతామనే ఏజెంట్ల దగ్గర కూడా చిరునామా బోర్డును కాక అసలు చూడాల్సింది 1983 వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా లేదా అని. సోంపేటలోనో, పలాసలోనో ఒకరి గదిలో ఇంకొకరి బల్ల మీద పెట్టిన బోర్డు రాత్రికి రాత్రి మాయమైతే పాస్‌పోర్టు ఇచ్చినవాడు ఎవర్ని పట్టుకోవాలి? ఊరి సడలింపుకు ఖరీదు కట్టేది ఇలాంటి చోటే, కట్టేది పేదవాడే.

పన్ను ఇప్పుడు ఊరి కాగితంలోకీ వచ్చేసింది. 2024 అక్టోబరు 10 నుంచి, యజమానికి జీఎస్టీ నంబరు లేకపోయినా, నంబరున్న అద్దెదారే వ్యాపార కట్టడం అద్దె మీద 18 శాతం కట్టాలి. కాంపోజిషన్ పథకంలోని చిన్న వ్యాపారులకు తరవాత మినహాయింపు వచ్చింది. శ్రీకాకుళం జి.టి. రోడ్డు మీద చేతికిచ్చి చేతిలో పుచ్చుకునే అద్దె ఇలా మొదటిసారి ఒక లెక్కలోకి ఎక్కుతోంది. యజమాని రసీదు ఇవ్వడానికి ఇంకా ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఇప్పుడు నగరమే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైపు జరుగుతోంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ జాతీయ రహదారి వెంట కొత్త మేడల్లో ఆఫీసులకిస్తాం అన్న బోర్డులు చూస్తున్నాం. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో మంత్రివర్గం తీర్మానించింది. అదే విశాఖలో రాజాం నుంచో, బొబ్బిలి నుంచో వచ్చి ముగ్గురితో మొదలుపెట్టే కుర్రాడికి దొరికేది నెలవారీ సీటే. భూమి విషయంలో అంత ఉదారమైన ప్రభుత్వానికి, సీటు తీసుకునేవాడి లైసెన్సులో కనీసం ముప్ఫై రోజుల నోటీసు ఉండాలని ఒక నియమం పెట్టడానికి ఏం ఖర్చవుతుందో నాకు తోచడం లేదు.

ఎందుకంటే మధ్యవాడు పడిపోయిన రోజున ఏ కాగితం నిలబెడుతుందన్నదే చివరికి లెక్క. ఆస్తి బదిలీ చట్టం 115వ సెక్షను ఈ సంగతి ముందే ఆలోచించింది. అసలు అద్దెదారు తనంతట తాను లీజు వదిలేసుకుంటే, అతని కింద సబ్‌లీజు తీసుకున్నవాడి హక్కు చెడదు. అసలు అద్దెదారు షరతు తప్పి లీజు పోగొట్టుకుంటే మాత్రం కింది సబ్‌లీజు కూడా దానితో పోతుంది. కిందివాణ్ణి మోసం చేయడానికే యజమాని ఆ పని చేయించాడని తేలితే తప్ప. ప్లీడరు గారి గదిలో బల్ల వేసుకున్న బీమా ఏజెంటు తన నోటిమాట ఒప్పందం సబ్‌లీజని ఎలాగో రుజువు చేసుకోగలిగితే ఈ సెక్షనులో సగమైనా అతన్ని కాస్తుంది. కాగితం లేదు గనక రుజువు కష్టమే. మాదాపూర్‌లో ముప్ఫై పేజీలున్న కొడుక్కి రుజువుకు కొదవ లేదు, కానీ తనది లీజు కాదని మొదటి పేజీలోనే అతను సంతకం పెట్టి ఉన్నాడు.