క్రొవ్వొత్తి యుపన్యాసములు

1860-61 శీతకాలమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు మైకేల్ ఫారడే బాలురకొఱకు క్రొవ్వొత్తిని గూర్చి యాఱు ఉపన్యాసము లొసంగెను. విలియం క్రూక్స్ వానిని సంస్కరించి 1861లో గ్రంథముగా వెలువరించెను. రసాయనశాస్త్రగ్రంథమునకు సాహిత్యపత్రికలో విమర్శ యేల యని చదువరు లడుగవచ్చును. నిదర్శనమును జూపి నిర్ణయమును జెప్పుట యుత్తమవచనమునకును బ్రాణమని మా యభిప్రాయము.

మన పాఠ్యపుస్తకములలో వాయుపరీక్ష యనిన నొక పట్టిక. టప్పుమని మండినది ఉదజని. కొనయందు నిప్పున్న పుల్లను మరల మండించినది ఆమ్లజని. సున్నపుతేటను బాలవలె దెల్లబఱచినది బొగ్గుపులుసు గాలి. విద్యార్థి దీని నమరకోశమువలె వల్లించును. కాని నాళములోని గాలి పట్టికను జదివి రాదు. మండుచున్న పుల్లను బొగ్గుపులుసు గాలి యార్పును, నత్రజనియు నార్పును. గంధకము మండగా వచ్చు గాలియు సున్నపుతేటను దెల్లబఱచును. ఇట్టి యొంటి గుఱుతును మన తార్కికులు సవ్యభిచారహేతు వందురు. సాధ్యము లేనిచోటను గానవచ్చు హేతువు నిర్ణయమునకు జాలదు.

ఫారడే మార్గము వేఱు. ఆయన యుదజనిని మండించి చూపును. దానితో నింపిన సబ్బుబుడగ పైకెగయుటను జూపును. దాని మంటనుండి నీరు పుట్టుటను జూపును. మూడు సాక్ష్యములు కలిసి యొక నిర్ణయమును నిలుపును. క్రొవ్వొత్తి మండగా వచ్చు గాలిని, మనము విడుచు నూపిరిని, చలువఱాతిపై నామ్లము పోయగా వెడలు గాలిని సున్నపుతేటచే బరీక్షించి, మూడింటను నున్న వాయు వొక్కటే యని బాలురచేతనే యనిపించును.

లోపములు లేకపోలేదు. ఆయన కార్బానిక్ ఆమ్ల మని పిలిచిన వాయువునకు నేడా పేరు లేదు. అది నీట గరగగా నేర్పడు పదార్థమున కా పేరు చెల్లుచున్నది. ఆమ్లజని యను పేరును నిట్టిదే. ఆమ్లములన్నిటను అది కలదని లావోయిజియరు తలంచెను. ఫారడే గురువగు హంఫ్రీ డేవీ క్లోరినును గూర్చి 1810లో ప్రకటించిన పరిశోధనలచే నా తలంపు వీగిపోయెను. పేరుమాత్రము నిలిచెను. పేరు నేర్చుట వస్తువును నేర్చుట కాదనుటకు వేఱు నిదర్శన మేల?

వేఱొక కొఱత: ఈ యుపన్యాసములలో బాలుడు చూచువాడే కాని చేయువాడు కాడు. ఆ కొఱతను దీర్చుట యుపాధ్యాయుల పని. పట్టిక వలదని మే మనము. ‘ఇది యే వాయువు?’ అని యడిగినపుడు ‘మఱియొకటి యేల కాదు?’ అనియు నడుగవలెను. ఆ రెండవ ప్రశ్న లేని పరీక్ష వల్లెవేతకు బరీక్షయే కాని వాయువునకు గాదు.